మన వాగుకు ఒక కొలబద్ద



ఈ పూట చెప్పబోయేది పెద్ద నదుల మాట కాదు, మన పొలం పక్కన పారే వాగు మాట.

గోదావరి పొంగితే రాష్ట్రమంతా తెలుస్తుంది. భద్రాచలం వద్ద నీటిమట్టం 43 అడుగులకు చేరితే మొదటి హెచ్చరిక, 48కి రెండవది, 53కి మూడవది. 1986 ఆగస్టులో 75.6 అడుగులు, 2022 జులైలో 71.3 అడుగులు వచ్చినట్లు లెక్క ఉన్నది. ఎగువ వరద అక్కడికి దిగివచ్చే లోపల సర్దుకోవడానికి కొంత వ్యవధి దొరుకుతుంది. మరి మన వాగుకో? కొలబద్ద లేదు, హెచ్చరిక లేదు, వ్యవధి అంతకన్నా లేదు. ఎండాకాలంలో ఇసుక తప్ప మరేమీ కనబడని వాగు, ఒక్క రాత్రిలో పశువులనూ, మోటార్లనూ, మనుషులనూ పట్టుకుపోతుంది.

ఇంత తొందరెందుకు? చిన్న లెక్క వేద్దాం. ఒక చదరపు కిలోమీటరు నేల మీద 100 మిల్లీమీటర్ల వాన పడితే అది పది కోట్ల లీటర్ల నీరు. నేల పొడిగా ఉంటే కొంత ఇంకుతుంది. నాలుగు రోజులు ముసురు పట్టి తడిసిన నేల అయితే చాలా భాగం వాగులోకే దిగుతుంది. ఇక నేల మీద సిమెంటు పరిస్తే చెప్పనే అక్కరలేదు. హైదరాబాదుకు వాయవ్యాన ఉన్న బాచుపల్లినే చూడండి. ఒకప్పుడు పొలాలున్న పల్లె. ఇప్పుడు మేడలు, రోడ్లు. పొలంలో నిలిచి మెల్లగా దిగవలసిన నీరు, అటువంటి చోట కురిసిన కాసేపటికే కాలువల్లో పరుగెత్తుతుంది. పట్నం పెరుగుతున్న దిక్కున, దిగువ ఊళ్ళలో సేద్యం చేసేవారు ఈ మార్పు గమనించాలి. తాతలనాటి అంచనా అక్కడ చాలదు.

రెండవ సంగతి చెరువులు. పై చెరువు మత్తడి దూకితే ఆ నీరు కింది చెరువుకు చేరే గొలుసుకట్టు మనది. అది పెద్దల తెలివి. కాని పై కట్ట తెగితే కింది కట్ట మీద ఒక్కసారిగా భారం పడుతుంది. 1908 సెప్టెంబరు 28న, హస్త కార్తెలో, మూసీ హైదరాబాదును ముంచింది. తరువాత వచ్చి పరిశీలించిన మోక్షగుండం విశ్వేశ్వరయ్యగారు, ఎగువనున్న 788 చెరువులలో 221 తెగినట్లు లెక్క తేల్చారు. ఆయన సలహా మీదనే ఉస్మాన్‌సాగర్, హిమాయత్‌సాగర్ వెలిశాయి.

ఇక దగ్గరి కాలపు మాట. 2023 జులై 27 ఉదయంతో ముగిసిన 24 గంటలలో ములుగు జిల్లా లక్ష్మీదేవిపేటలో 649.8 మిల్లీమీటర్ల వాన కురిసింది. ఆ తెల్లవారుజామునే పక్కనున్న భూపాలపల్లి జిల్లాలో మోరంచవాగు పొంగి మోరంచపల్లిని ముంచింది. జనం ఇళ్ళ కప్పులెక్కారు. పడవలు, హెలికాప్టర్లు వచ్చి కాపాడవలసి వచ్చింది. మరుసటి ఏడు, 2024 సెప్టెంబరు మొదట్లో, విజయవాడ పక్కన బుడమేరుకు గండ్లు పడ్డాయి. ఆ సమయంలోనే కృష్ణ నిండుగా ఉన్నది. ప్రకాశం బ్యారేజి నుంచి 11 లక్షల క్యూసెక్కులకు పైగా నీరు వదిలారు. కనుక ఎగువ చూస్తే చాలదు. మన వాగు వెళ్ళి కలిసే చోటు కూడా చూడాలి. అక్కడ నిండి ఉంటే వాగు దిగదు, వెనక్కు తన్నుతుంది.

అయితే మన చేతిలో ఏమున్నది? ఒక కొలబద్ద ఉన్నది. పంచాయతీకి చెప్పి, వంతెన స్తంభం మీదనో, గట్టున గట్టిగా పాతిన రాతి కడీ మీదనో అడుగులు, అర అడుగులు రంగుతో గీయించండి. వాగు అడుగున లోతైన చోటు సున్నా. తరువాత ఇసుక తవ్వినా, మేట వేసినా ఆ సున్నాను మార్చవద్దు. మారిస్తే పాత లెక్కలన్నీ పాడవుతాయి. మోటార్లు మునిగే మట్టానికి రెండడుగులు కిందుగా పసుపు గీత, రోడ్డు మునిగే మట్టానికి రెండడుగులు కిందుగా ఎర్ర గీత వేయండి. పెద్దలనడిగి, పాత వరద ఎంతవరకు వచ్చిందో అక్కడ ఒక గుర్తు పెట్టండి. మృగశిరకు ముందే రంగు మళ్ళీ వేయించండి.

మామూలు రోజులలో ఉదయం ఎనిమిదిన్నరకు ఒకసారి చూసి రాస్తే చాలు. వాతావరణ శాఖవారు రోజు వాన లెక్క ముగించేది ఆ వేళకే. వాన పట్టినప్పుడు అరగంటకొకసారి చూడాలి. మట్టం ఎంత అన్నదానికన్నా, ఎంత వేగంగా పెరుగుతున్నదన్నది ముఖ్యం. పసుపు గీత దగ్గర ఉన్న నీరు గంటకు అడుగు చొప్పున పెరిగితే మోటారు మునగడానికి రెండు గంటలు. అరగంటకు అడుగైతే ఒక్క గంటే. గట్టు మీద నుంచే చదవండి. నీళ్ళలో దిగి కొలవవద్దు. చీకట్లో టార్చిలైటు వేస్తే కనబడేటట్లు అంకెలు పెద్దవిగా ఉండాలి.

ఎగువ ఊరివారితో మాట కలుపుకోండి. అక్కడ నీరు ఎర్ర గీత తాకిన వేళ, ఇక్కడ తాకిన వేళ రెండూ రాసిపెట్టండి. నాలుగు వరదలు రాస్తే, ఎగువ నుంచి ఫోను వచ్చాక మనకెంత వ్యవధి ఉంటుందో తేలుతుంది. పై చెరువు నీరటికాడి నంబరు ఊళ్ళో పదిమంది దగ్గరైనా ఉండాలి. చెరువు కట్ట అడుగున ఊట మట్టిరంగుకు తిరిగితే, కట్ట లోపల కోసుకుపోతున్నదని గుర్తు. వెంటనే దిగువవారికి, అధికారులకు చెప్పాలి. గట్టి వాన కురుస్తుండగా వాగు ఉన్నట్టుండి తగ్గితే సంతోషించవద్దు. ఎగువ చెట్లో, చెత్తో అడ్డం పడి ఉండవచ్చు. అది తెగితే నీరంతా ఒక్కసారే వస్తుంది.

పసుపు గీత తాకకముందే కరెంటు తీసి మోటారు ఎత్తుకోండి, పశువులను మెరకకు తోలండి. గీత దాటాక మోటారు కోసం వాగులో దిగవద్దు. మోటారు మళ్ళీ కొనుక్కోవచ్చు. నీరు పారుతున్న కల్వర్టు మీద బండి నడపవద్దు. కింద రోడ్డు ఉన్నదో కొట్టుకుపోయిందో పైనుంచి కనబడదు.

ఒక డబ్బా రంగు, ఒక నోటుపుస్తకం, చూసి రాసే ఒక మనిషి. ఈ వానాకాలానికి ఇవి మూడూ సిద్ధం చేసుకోండి. సెలవు.