దూబగుంట తరువాత

నెల్లూరు జిల్లా దూబగుంటలో మహిళలు 1992లో సారా దుకాణాన్ని మూయించిన తరువాత ఊరూరా పాకిన సారా వ్యతిరేక ఉద్యమం, మరుసటి ఏడాది అక్టోబరు నాటికి నాటి ఆంధ్రప్రదేశ్ అంతటా సారాపై నిషేధాన్ని సాధించింది. అన్ని రకాల మద్యంపై నిషేధం 1995 జనవరిలో వచ్చింది.

ఈ ఉద్యమానికి బలం అక్షరాస్యతా తరగతుల నుంచి అందింది. పగలు కూలికి వెళ్లిన మహిళలు రాత్రి చదువుకుంటూ, వాచకంలోని పాఠాల ఆధారంగా తమ ఇళ్ల పరిస్థితిని చర్చించుకున్నారు. వర్ధినేని రోశమ్మ వంటి గ్రామీణ మహిళలే ముందు నిలిచారు. సారా అమ్మే హక్కును ప్రభుత్వం వ్యాపారులకు కట్టబెట్టే వేలంపాటలను వారు పదేపదే అడ్డుకోవడంతో, ఇంటి గొడవగా కొట్టిపారేసిన విషయం ఖజానాను తాకింది. చిక్కు కూడా ఖజానాలోనే ఉంది. మద్యం రాబడిని వదులుకోలేని ప్రభుత్వం 1997లో సంపూర్ణ నిషేధాన్ని ఎత్తివేసింది. సారాపై నిషేధం మాత్రం మిగిలింది.

నిషేధం సడలినా మహిళలు కలుసుకోవడం ఆగలేదు. రోజుకు ఒక రూపాయి చొప్పున దాచుకునే పొదుపు సంఘాలు, అంటే సభ్యుల సొమ్ముతోనే సభ్యులకు అప్పు ఇచ్చే చిన్న బృందాలు, నెల్లూరు జిల్లాలో ఈ కదలిక నుంచే విస్తరించాయి. ఉద్యమం దీర్ఘకాలం నిలవడానికి క్రమం తప్పని కలయిక, సొంత నిధి ఎంత అవసరమో ఇవి చూపాయి. అయితే ప్రభుత్వం, బ్యాంకులు ఈ సంఘాలను చేరదీసిన కొద్దీ, సమావేశాలలో సారా మాట తగ్గి వాయిదాల లెక్క పెరిగింది.