గట్టు మీది మందు, ఓడలోని బియ్యం

ఇవాళ మనం తలుచుకుంటున్న సార్ వ్యవసాయ శాఖలో ఉన్నన్నాళ్లూ రైతు ఎదురైతే మొదట అడిగే మాట ఒకటే: "మందు ఎప్పుడు కొట్టినవ్? కోత ఎప్పుడు?" ఆ రెండు తేదీల మధ్య, మందు గింజలో మిగలకుండా పోవడానికి కావలసిన రోజుల గురించే నా మాటలన్నీ.

పురుగుమందులకు మన దేశం హద్దు పెట్టిన కథ 1958లో కేరళలో మొదలైంది. గోధుమపిండి బస్తాలతో పాటు ఓడలో తెచ్చిన పారాథియాన్ అనే పురుగుమందు కారి పిండిలో కలిసింది. ఆ పిండి తిని వందమందికి పైగా చనిపోయారు. ఓడలో వచ్చిన విషం రేవు దాటి వంటింట్లో జొరబడింది. ఆ చావుల వెంటే పురుగుమందుల చట్టం ఆలోచన వచ్చింది. 1968లో చట్టమైంది, 1971లో అమలుకెక్కింది.

సరిగ్గా ఆ ఏళ్లలోనే మనకు నీళ్లొచ్చాయి. 1967 ఆగస్టులో నాగార్జునసాగర్ కాల్వలకు నీరు వదిలారు. ఎడమ కాల్వ కింద మిర్యాలగూడ, హుజూర్‌నగర్, కోదాడ మాగాణులు పచ్చబడ్డాయి, వాటి వెనకే రైస్ మిల్లులు లేచాయి. రెండు పంటలు, యూరియా, సాంబమసూరి వచ్చాయి. వాటితో అగ్గితెగులు, మెడవిరుపు. వాటికి ట్రైసైక్లజోల్, లీటరు నీటికి 0.6 గ్రాము. పంపు వీపున వేసుకుని పొద్దుటి మంచులో చేలో దిగే మనిషిని గుర్తు చేసుకోండి. ముక్కుకు తువ్వాలు, కాళ్లకు ఏమీ లేదు. వెన్ను మీదుగా కారిన మందు నీళ్లతో చొక్కా తడిసి ముద్దవుతుంది. ఈ ఉపన్యాసం ముందుగా ఆ మనిషి కోసమే.

1995లో ప్రపంచ వాణిజ్య సంస్థ వచ్చాక, శాస్త్రం ఆధారంగా ఏ దేశమైనా తిండిలో మిగిలే మందుకు తన ప్రజల ఆరోగ్యానికి తగ్గ హద్దు పెట్టుకోవచ్చని ఒప్పందమైంది. 2017లో యూరప్ బియ్యంలో ట్రైసైక్లజోల్ హద్దును కిలోకు 1 మిల్లీగ్రాము నుంచి 0.01కి దించింది. దెబ్బ బాస్మతికి తగిలింది. బాస్మతి పండించే పంజాబ్ 2022లో పది మందుల అమ్మకాన్ని 60 రోజులు ఆపింది. ఎందుకు అరవయ్యే? 1968 చట్టం 27వ సెక్షన్ రాష్ట్రానికి ఇచ్చిన అధికారం అంతవరకే, మహా అయితే ఇంకో ముప్పై రోజులు. మన వరి కోతకు రావడానికి నాలుగు నెలలు అటూ ఇటూ పడుతుంది. పంట కన్నా పొట్టిదైన అధికారంతో ఏ రాష్ట్రమూ ప్రజారోగ్య ప్రణాళిక వేయలేదు.

అందుకే రాష్ట్రం చేతిలో ఉన్న పని వేరే చోట, వడ్ల కొనుగోలులో ఉంది. 2025 మార్చి 31న కాకినాడ రేవు నుంచి తెలంగాణ బియ్యం, ఎంటీయూ 1010 రకం, 12,500 టన్నులు ఫిలిప్పీన్స్‌కు బయల్దేరాయి. సంతోషించాను. కానీ ఓడెక్కే బియ్యానికి పరీక్ష అడిగే మనం, మిర్యాలగూడ పిల్లవాడి కంచంలో అన్నానికి ఆ పరీక్ష అడగమా? కొనుగోలు కేంద్రంలో తేమ మీటర్ పెడతారు, 17 శాతం దాటితే ఆరబెట్టమంటారు. తాలు చూస్తారు, మట్టి చూస్తారు. మందు అవశేషాల ఊసు మాత్రం ఎత్తరు.

రైతుకిచ్చే చీటీ మీద పేరు, బస్తాల లెక్క, తేమ శాతం ఉంటాయి. సార్ అడిగిన రెండు తేదీలకు ఆ చీటీ మీద రెండు గళ్లు పెట్టండి. ఈ వానాకాలం వడ్ల నుంచే.