పొగ మానినవారికి తోడు కావాలి

(పాఠశాల ప్లాటినం జూబిలీ సందర్భంగా జరిగిన తల్లిదండ్రుల, పూర్వ విద్యార్థుల సభలో చేసిన ప్రసంగ పాఠం)



డెబ్బది అయిదు సంవత్సరాల పాఠశాల పండుగలో పొగాకు ప్రస్తావన ఎందుకని కొందరికి అనిపించవచ్చు. అయితే నాటి విద్యార్థులలో పలువురు నేడు తాతలైనారు. నలభై, యాభై ఏండ్లుగా బీడీనో సిగరెట్టునో విడువలేక, విడిచినా నిలువలేక లోలోపల కుమిలిపోయేవారు ఆ తరంలో తక్కువేమీ కాదు. ఈ నాలుగు మాటలూ వారి కొరకు, అంతకుమించి వారి ఇంటివారి కొరకు.

పొగాకు ఈ దేశపు మొక్క కాదు. అమెరికా ఖండం నుండి పోర్చుగీసు వర్తకుల ద్వారా వచ్చింది. పూర్వులు చెప్పిన సప్తవ్యసనాలలో దాని పేరు లేకపోవడానికి కారణం అదే. 1617లో జహంగీరు చక్రవర్తి పొగ త్రాగుటను నిషేధించినా అది ఆగలేదు. తెలుగునాట చుట్టగా స్థిరపడింది. గురజాడవారి గిరీశం నోటనూ చుట్ట ఉన్నది. శ్రీకాకుళం, విశాఖపట్టణం ప్రాంతాల పల్లెలలో స్త్రీలు నిప్పు ఉన్న కొసను నోటిలోపల ఉంచుకొని అడ్డపొగ త్రాగడం కూడ ఉన్నది. అంగిటి క్యాన్సరుకు అది దారితీస్తుందని వైద్యులు నిర్ధారించారు. గుంటూరు, ప్రకాశం జిల్లాల రైతులకు ఆ పంటే జీవనాధారమైంది. ఇంతగా బ్రతుకులో కలిసిపోయిన వస్తువును “మానుకో” అన్న ఒక్క మాటతో తొలగించడం సాధ్యం కాదు.

పొగ త్రాగుటను జనం నేటికీ “అలవాటు” అనే అంటారు. 1964లో అమెరికా ప్రభుత్వ ప్రధాన వైద్యాధికారి వెలువరించిన సుప్రసిద్ధ నివేదిక కూడ దానిని అలవాటుగానే పేర్కొన్నది. 1988లో అదే పదవి నుండి వెలువడిన మరొక నివేదిక ఆ మాటను దిద్ది, నికోటిన్ వ్యసనాన్ని కలిగించే పదార్థమని స్పష్టంగా ప్రకటించింది. ఈ భేదం మాటలకు పరిమితమైనది కాదు. అలవాటు మానలేనివానిని లోకం బలహీనుడని నిందిస్తుంది. వ్యసనానికి లోనైనవానికి చికిత్స కావాలి, ఆదరణ కావాలి.

పొగ పీల్చిన కొద్ది క్షణాలలోనే నికోటిన్ మెదడును చేరి, హాయి గొలిపే రసాయనాన్ని విడుదల చేయిస్తుంది. ఏండ్ల తరబడి దానికి అలవడిన మెదడు, అది అందకపోతే తల్లడిల్లుతుంది. చిరాకు, నిద్రలేమి, ఏకాగ్రత కుదరకపోవడం, అతిగా ఆకలి వేయడం, మలబద్ధకం - ఇవి మానినవారిలో కనిపించే లక్షణాలు. మొదటి వారంలో ఇవి తీవ్రంగా ఉండి, రెండు నుండి నాలుగు వారాలలో క్రమంగా తగ్గుతాయి. శరీరం శాంతించినా జ్ఞాపకం శాంతించడానికి మరింత కాలం పడుతుంది. నగర్తపేట సందులలో కాఫీ హోటలు ముందు స్నేహితుల గుంపు, సాయంకాలం అంగడి మూసే వేళ, భోజనానంతరం మిద్దె మీది గాలి - వీటిలో ప్రతి ఒక్కటీ పాత సిగరెట్టును గుర్తుకు తెస్తుంది.

అందువలన మానడం ఒక ఎత్తు, మాని నిలువడం మరొక ఎత్తు. ఏ సహాయమూ లేకుండా స్వశక్తి మీదనే మానినవారిలో నూటికి ముగ్గురు నుండి అయిదుగురు మాత్రమే ఆరు మాసాలు, సంవత్సరం వరకు నిలువగలుగుతున్నారని పరిశోధనలు తెలుపుతున్నాయి. తక్కినవారిలో అధికులు మొదటి వారం పది రోజులలోనే మరల అంటిస్తారు. ఇది వారి పట్టుదల లోపం కాదు. ఒంటరిగా చేయదగిన పని కాకపోవడమే దానికి కారణం.

ఆ తోడు బెంగళూరులోనే ఉన్నది. 2002లో భారత ప్రభుత్వం, ప్రపంచ ఆరోగ్య సంస్థ కలిసి దేశంలో 13 పొగాకు విముక్తి కేంద్రాలను ప్రారంభించినపుడు హోసూరు రోడ్డులోని నిమ్హాన్స్ వాటిలో ఒకటి. 2018 నుండి అక్కడే దక్షిణాది భాషలలో పొగాకు విముక్తి దూరవాణి సేవ నడుస్తున్నది. 1800 11 2356 అన్న సంఖ్యకు రుసుము లేకుండా పిలిచి తెలుగులోనే మాట్లాడవచ్చు. ఆ సంఖ్య సిగరెట్టు పెట్టెల మీదనే అచ్చయి ఉంటుంది. అవతల ఉన్న సలహాదారు మందలించడు. ఎన్ని త్రాగుతారు, ఏ వేళ మనసు లాగుతుంది, ఎప్పుడు మానదలచారు అని అడిగి, మానే దినాన్ని నిర్ణయింపజేస్తాడు. ఆ తరువాత తానే పిలిచి క్షేమం విచారిస్తాడు. ఎవరో అడుగుతారన్న ఎరుకే కొందరి చేతిని ఆపుతుంది.

అవసరమైనవారికి వైద్యుల సలహాపై నికోటిన్ గమ్, చర్మానికి అంటించే పట్టీలు, మాత్రలు కూడ ఉన్నవి. గమ్ వాడే పద్ధతి తెలియక “పనిచేయలేదు” అని విడిచినవారు ఉన్నారు. దానిని చూయింగ్ గమ్ వలె గబగబ నమలరాదు. మెల్లగా నమిలి, ఘాటు తెలియగానే చెక్కిట ఉంచాలి. ఘాటు తగ్గాక మరల నమలాలి. కాఫీ త్రాగిన వెంటనే వేసుకొంటే నికోటిన్ సరిగా ఒంటబట్టదు. కాఫీ ప్రియులైన బెంగళూరువారు దీనిని తప్పక గుర్తుంచుకోవాలి.

ఇక ఇంటివారి సంగతి. పొగ మానిన మొదటి వారాలలో పెద్దాయన చిన్న మాటకే కసురుకోవచ్చు. “దీనికంటె త్రాగినపుడే నయం” అని ఇల్లాలు విసిగి అనే మాట, అతనికి కిళ్ళీ కొట్టుకు దారి చూపుతుంది. “ఈ రోజు ఎట్లా గడిచింది?” అన్న ప్రశ్న మేలు చేస్తుంది. మనసు లాగే తీవ్రత సాధారణంగా కొద్ది నిమిషాలే ఉంటుంది. ఆ కొద్ది నిమిషాలు ఆగేందుకు ఒక గ్లాసు నీళ్ళు, ఒక లవంగం మొగ్గ, వీధి చివరి వరకు నడిచివచ్చే తోడు చాలును. మనుమడు చేయి పట్టుకొని ధర్మరాయస్వామి గుడి వరకు తీసుకొని వెళ్ళినా ఆ గడియ గడిచిపోతుంది. మిత్రులు చేయవలసినది మరీ చిన్న పని: “ఒక్కటేగా, కానీవోయ్” అనకుండ ఉండడం.

ఇంత చేసినా ఒకనాడు కాలు జారవచ్చు. పెండ్లి ఇంటిలోనో, ఆప్తులు పోయిన రోజుననో ఒక సిగరెట్టు వెలుగవచ్చు. “అంతా అయిపోయింది” అని పెట్టె కొనుక్కోవడమే అసలు ప్రమాదం. స్థిరంగా మానినవారిలో చాలమంది అంతకుముందు పలుమార్లు ప్రయత్నించినవారే. అట్టి దినాన ఇంటివారు ఎత్తిపొడువక, ఏ సందర్భంలో అది జరిగిందో నెమ్మదిగా తెలుసుకొని, మరునాటి నుండి మరల లెక్క మొదలుపెట్టించాలి.

“ఇన్నేండ్లు త్రాగినవానికి ఇప్పుడు మానితే ఏమి లాభం?” అనేవారికి సమాధానం ఉన్నది. ఇంగ్లండులో సర్ రిచర్డ్ డాల్, ఆయన సహచరులు వైద్యులనే 50 ఏండ్లు పరిశీలించి 2004లో ఫలితాలు ప్రకటించారు. 60వ ఏట మానినవారికి సుమారు 3 సంవత్సరాలు, 50వ ఏట మానినవారికి సుమారు 6, 40వ ఏట మానినవారికి సుమారు 9 సంవత్సరాల ఆయుర్దాయం దక్కినట్లు తేలింది. మానిన ఏడాదికే గుండెజబ్బు ప్రమాదంలో పొగ వలన కలిగిన అదనపు భాగం దాదాపు సగానికి తగ్గుతుంది. క్రింద అంగడి, పైన రెండు గదుల కాపురం గల ఇండ్లలో ఒకరు మానితే పిల్లలందరి ఊపిరీ తేలికపడుతుంది.

పిల్లల చేతికి డబ్బులిచ్చి సిగరెట్టు తెమ్మని పంపడం ఈ రోజు నుండే ఆగాలి. పాఠశాలకు 100 గజాల లోపల పొగాకు అమ్మరాదని 2003 నాటి చట్టం చెప్పుతున్నది. చట్టం అంగడిని మాత్రమే ఆపగలదు. పంపే చేతిని ఇంటివారే ఆపుకోవాలి.

పూర్వ విద్యార్థులకు ఒక విన్నపం. ఒకే బెంచీ మీద కూర్చొని చదువుకొన్నవారు నేటికీ ఒకరినొకరు పేరు పెట్టి పిలుచుకొంటున్నారు. అట్టి మిత్రులలో ఒకరు పొగ మానదలచితే, మరొకరు ఏడాది పాటు వారానికి ఒకసారి ఫోను చేసి “ఎట్లా ఉన్నావురా?” అని అడగాలి. పాఠశాలకు ఇచ్చే విరాళాల చిట్టాలో ఇది చేరదు. అయినా ఒక ఇంటి పెద్దను ఆ ఇంటికి మిగుల్చగల దానం అది.

అందరికీ ఆరోగ్యం, దీర్ఘాయువు సిద్ధించుగాక.