తాళంచెవి తిరిగి ఇవ్వక్కరలేని ఇల్లు
(సంఘం వార్షిక సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



నేను వక్తను కాను. మద్రాస్ సాపర్స్‌లో 26 ఏళ్ళు పనిచేసి 2016లో నాయబ్ సుబేదారుగా ఇంటికొచ్చినవాణ్ణి. "బస్తర్‌లో మీ చేతులతో ఇల్లు కట్టుకున్నారట కదా, ఆ సంగతి చెప్పండి" అని కార్యదర్శిగారు అడిగితే సరేనన్నాను. గొప్ప చెప్పుకోవడానికి కాదు. అందులో నేను చేసిన రెండు తప్పులు మీరు చెయ్యకుండా ఉంటే ఈ పావుగంట దండగ పోనట్టే.

ఇక్కడున్న ప్రతి ఇల్లాలికీ మార్చింగ్ ఇన్, మార్చింగ్ అవుట్ అంటే ఏమిటో వేరే చెప్పక్కరలేదు. ఎం.ఈ.ఎస్. వాళ్ళు జాబితా పట్టుకుని వస్తారు. ఫ్యాన్లు ఎన్ని, బల్బు హోల్డర్లు ఎన్ని, అద్దం పగిలిందా, గోడకు మేకు కొట్టారా అని చూసి, ఉంటే బ్యారక్ డ్యామేజీ రాస్తారు. మా ఆవిడ అలా ఐదు క్వార్టర్లు కడిగి, తుడిచి, తాళంచెవి అప్పగించి వచ్చింది. ఆఖరిసారి బెంగుళూరులో తాళం ఇచ్చేశాక ట్రక్కు దగ్గర నిలబడి ఒకటే మాట అంది: "ఏవండీ, ఈసారి తాళంచెవి ఎవరికీ తిరిగి ఇవ్వక్కరలేని ఇల్లు కావాలి. చిన్నదైనా ఫరవాలేదు."

ఆ "చిన్నదైనా" అన్న మాట నాకు అప్పుడు చెవికెక్కలేదు.

బస్తర్ ఎందుకు అని మీరు అడగవచ్చు. బస్తర్ అనగానే చాలామందికి ఎదురుకాల్పులే గుర్తొస్తాయి. నాకు మాత్రం అది పెరిగిన ఊరు. 1960ల్లో బైలదిల్లా ఇనప ఖనిజం విశాఖ రేవుకు చేర్చి జపాన్‌కు పంపడానికి కొత్తవలస నుంచి కిరండూల్‌కు రైలుమార్గం వేశారు. విజయనగరం జిల్లా నుంచి ఆ పనికి వెళ్ళిన వందలాది కూలీల్లో మా నాన్న ఒకడు. తరువాత గ్యాంగ్‌మన్ అయ్యాడు. జీవితమంతా రైల్వే క్వార్టర్లోనే గడిపి, రిటైరైన నెలలోనే దాన్ని ఖాళీ చేసి, జగదల్‌పూర్‌లో ఒక అద్దె గదిలో కన్నుమూశాడు. ఆ వార్త నాకు జమ్మూలో ఉండగా తెలిసింది. మూడోరోజుకి గాని చేరలేకపోయాను. ఇంటి యజమాని శవాన్ని గుమ్మం లోపలికి తేనివ్వలేదని అమ్మ చెప్పింది. అందుకే ఆ ఊళ్ళోనే మాకంటూ ఒక గుమ్మం ఉండాలనుకున్నాను.

ఇక మొదటి తప్పు. అది స్థలం దగ్గర జరిగింది. ఊరికి ఆరు కిలోమీటర్ల దూరంలో రోడ్డుపక్క స్థలం, మార్కెట్ ధరలో మూడోవంతుకే ఇస్తానని ఒక మధ్యవర్తి వచ్చాడు. భూమి ఒక ఆదివాసీ రైతుది. "రిజిస్ట్రేషన్ మరో ఆదివాసీ పేరున చేయిద్దాం, అనుభవం మీది" అన్నాడు. అతని దగ్గర ఇంకో ఇద్దరు కొన్నారని కూడా చెప్పాడు. నేను 60 వేలు అడ్వాన్సు ఇచ్చేశాను.

బస్తర్ అయిదో షెడ్యూలు ప్రాంతం. ఛత్తీస్‌గఢ్ భూ రెవెన్యూ కోడ్ 165వ సెక్షన్ ప్రకారం అక్కడ ఆదివాసీ భూమిని ఆదివాసీ కానివాళ్ళు కొనడానికి వీల్లేదు. మోసంతో చేతులు మారిన భూమిని తిరిగి ఇప్పించడానికి 170-బి సెక్షన్ ఉంది. ఇదంతా నాకు తెలియక కాదు, చవకగా వస్తోందని తెలియనట్టు ఉన్నాను. మా ఆవిడకు విషయం తెలిసిన రాత్రి, "మీ నాన్న చచ్చిపోతే గుమ్మంలోకి రానివ్వలేదని ఇరవై ఏళ్ళు ఏడిచారు. ఇప్పుడు ఇంకొకడి గుమ్మం మీరు లాక్కుంటారా?" అని అడిగింది. నా దగ్గర సమాధానం లేదు. పొద్దున్నే వెళ్ళి వద్దన్నాను. 60 వేలల్లో 25 వేలు తిరిగొచ్చాయి. పోయిన 35 వేలూ నా ఆశకు వేసిన జరిమానా అనుకున్నాను.

తరువాత ఆదివాసీయేతరుడి దగ్గర, ఇళ్ళస్థలంగా డైవర్షన్ అయిన 1,200 చదరపు అడుగులు కొన్నాను. తమ్ముళ్ళూ, ఛత్తీస్‌గఢ్‌లో స్థలం కొనేటప్పుడు పట్వారీ దగ్గర ఖస్రా, బి-1, నక్షా మీ కళ్ళతో మీరే చూసుకోండి. డైవర్షన్ ఉత్తర్వు అడగండి. మధ్యవర్తి చూపించే జిరాక్స్ కాగితాలు నమ్మకండి.

స్థలానికి పోగా ఇంటికి మిగిలింది 6 లక్షలు. మా అబ్బాయి ఫోనులో, "డాడీ, లోను తీసుకుని పిల్లర్లు వేసెయ్యండి, తరువాత పైన అంతస్తు వేసుకోవచ్చు" అన్నాడు. మన ఊళ్ళలో ఎక్కడ చూసినా మేడమీద తుప్పుపట్టిన ఇనప చువ్వలు ఆకాశంకేసి చూస్తూ ఉంటాయి. పైన వేస్తామని వదిలేసినవి. చాలావాటికి కింద కూడా పూర్తికాదు. వాటిలో మన మాజీ సైనికుల ఇళ్ళు ఎన్నో నేను చూశాను. గ్రాట్యుటీ గోడల్లోకీ, కమ్యుటేషన్ శ్లాబులోకీ పోతుంది. కిటికీలకు గోనెసంచులు వేలాడుతుంటాయి. కమ్యుటేషన్ అంటే ఎవరో ఇచ్చిన బహుమానం కాదండీ. మన పెన్షనే ముందుగా తీసుకోవడం. 15 ఏళ్ళపాటు నెలనెలా కోత పడుతూనే ఉంటుంది.

అందుకని పాత రిజిస్టరు వెనక పేజీలో లెక్క రాసుకున్నాను. పునాది, ప్లింతు 90 వేలు. గోడలు లక్షా 30 వేలు. కప్పు లక్షా 20 వేలు. తలుపులు, కిటికీలు 70 వేలు. గచ్చు, పూత 60 వేలు. నీళ్ళు, కరెంటు, మరుగుదొడ్డి 70 వేలు. మిగిలిన 60 వేలు విడిగా పోస్టాఫీసులో వేసి, కప్పు పడేదాకా ముట్టుకోకూడదని మా ఆవిడ చేత పాస్‌బుక్ దాయించాను. ఆ డబ్బుకు తగ్గట్టు 20 అడుగులు, 22 అడుగుల ఇల్లు. ఒక హాలు, ఒక గది, వంటిల్లు, స్నానాలగది, ముందు వసారా. మొత్తం 440 చదరపు అడుగులు. పిల్లర్లు లేవు. పైకి చువ్వలు లేవు.

2018 డిసెంబరులో మొదలుపెట్టాం. ఊళ్ళోనే ఒక ముసలి తాపీ మేస్త్రి దొరికాడు. నేను ఆయన్ని కాకా అనేవాణ్ణి, ఆయన నన్ను ఫౌజీ బాబు అనేవాడు. ఆయన, ఒక కూలీ, ఒక రేజా, మేమిద్దరం. అదే మా ప్లటూన్. ఆడకూలీని అక్కడ రేజా అంటారు. మా రేజా మేస్త్రికన్నా చురుకైన మనిషి.

జగదల్‌పూర్‌లో ఏడాదికి సుమారు 1,500 మిల్లీమీటర్ల వాన పడుతుంది. అందుకని రాతి పునాది మీద ప్లింతు నేలకు రెండడుగుల ఎత్తు లేపాం. చెదలు అక్కడ పెద్ద శత్రువు. కాబట్టి ప్లింతు మీద కాంక్రీటు పట్టీ వేసి, చెదలమందు కొట్టించాకే గోడ ఎత్తాం.

గోడలకు లారీ బేకర్‌గారి పద్ధతి వాడాం. ఆయన ఇంగ్లండులో పుట్టి, రెండో ప్రపంచయుద్ధంలో చైనాలో వైద్యసేవ చేసి, గాంధీగారిని కలిసి, తరువాత ఈ దేశంలోనే స్థిరపడిన వాస్తుశిల్పి. తిరువనంతపురంలో పేదలకు చవక ఇళ్ళు కట్టి, 1990లో పద్మశ్రీ అందుకుని, 2007లో కాలం చేశారు. ఆయన ప్రచారం చేసిన ర్యాట్ ట్రాప్ బాండ్‌లో ఇటుకను పడుకోబెట్టరు, అంచు మీద నిలబెడతారు. గోడ మందం 9 అంగుళాలే, కానీ మధ్యలో 3 అంగుళాల ఖాళీ వస్తుంది. ఇటుకల్లో ఇంచుమించు నాలుగోవంతు మిగులుతుంది, సిమెంటు ఇంకా మిగులుతుంది. ఆ ఖాళీ వల్ల ఎండాకాలం గోడ లోపలికి వేడి అంతగా రాదు. అయితే అడుగువరస, పైవరస, మూలలు, తలుపు పక్కలు గట్టిగానే కట్టాలి. కరెంటు పైపులు ఎక్కడెక్కడో ముందే నిర్ణయించుకోవాలి. తరువాత గోడ చెక్కడానికి వీలుండదు.

కాకా మొదట ఒప్పుకోలేదు. "నిలబెట్టిన ఇటుక పడిపోతుంది" అన్నాడు. మూడడుగుల గోడ విడిగా కట్టి, వారం ఆరాక, నువ్వే తోసి చూడు అన్నాను. భుజంతో తోశాడు, నవ్వాడు, ఒప్పుకున్నాడు. నాటు ఇటుకలు ఒక్క కొలతలో ఉండవు కాబట్టి మా ఆవిడా, రేజా రోజూ సాయంత్రం మర్నాటికి కావలసిన ఇటుకలు ఏరి వరసలు పెట్టేవాళ్ళు. గోడ నున్నగా రావడానికి అసలు కారణం వాళ్ళిద్దరే.

ఆ గెలుపు నా తలకెక్కింది. అక్కడే రెండో తప్పు.

కప్పుకి ఇనప పైపుల మీద మంగుళూరు పెంకులు. ఒక పాత ఇల్లు పడగొడుతుంటే చవకగా కొన్నాను. అవి కొంచెం తక్కువ పడ్డాయి. వాలు తగ్గిస్తే సరిపోతాయని లెక్కగట్టాను. రెండడుగుల వెడల్పుకి ఒక అడుగు ఎత్తు ఉండాలని కాకా అన్నాడు. నేను నాలుగడుగులకు ఒక అడుగు చాలన్నాను. "ఫౌజీ బాబూ, ఇక్కడి వాన నీకు తెలియదు" అన్నాడు. "నేను నదుల మీద బ్రిడ్జీలు వేసినవాణ్ణి కాకా, నాకు చెప్పకు" అన్నాను. ఆయన ఇంకేమీ అనలేదు. ఆ రోజు మధ్యాహ్నం మాతో కూర్చుని అన్నం కూడా తినలేదు.

ఏప్రిల్ ఆఖర్లో గాలివాన వచ్చింది. గంటసేపే. వాలు చాలని కప్పు మీద నీళ్ళు పెంకుల సందుల్లోంచి వెనక్కి ఎక్కి, హాలు నిండా కారాయి. మా ఆవిడ గిన్నెలన్నీ పరిచింది. నేను మధ్యలో నిలబడి చూస్తున్నాను. మర్నాడు పొద్దున్నే కాకా ఇంటికి వెళ్ళాను. 26 ఏళ్ళ సర్వీసులో నేను ఇంత మనస్ఫూర్తిగా ఎవరికీ సారీ చెప్పలేదు. ఆయన ఒకటే అడిగాడు: "వర్షాకాలానికి ఇంకా ఎన్ని రోజులున్నాయి?"

నెలన్నర ఉంది. 22 రోజుల్లో పెంకులన్నీ దించి, ఫ్రేము కోసి, కొప్పు ఎత్తు పెంచి, చూరు గోడ బయటికి రెండున్నర అడుగులు వచ్చేలా మళ్ళీ వేశాం. కొత్త పెంకులకూ, వెల్డింగుకూ 38 వేలైంది. పాస్‌బుక్ అప్పుడు బయటికి వచ్చింది. ఆ డబ్బే లేకపోతే మా కిటికీలకూ గోనెసంచులే వేలాడేవి. జూన్‌లో అసలు వానలు దిగాయి. రాత్రంతా మెలకువగా పడుకుని చెవులు రిక్కించి విన్నాం. ఒక్క చుక్క కారలేదు.

ఇల్లు కట్టడం కన్నా ముగించడం కష్టం. గోడలు లేచేటప్పుడు ఉన్న హుషారు గచ్చు దగ్గర ఉండదు. అందుకే ముగింపు పనుల్లో మేం చేయగలిగినవి మేమే చేశాం. ఎర్ర ఆక్సైడు గచ్చు కాకా వేశాడు, రుద్ది మెరుగుపెట్టింది మేమిద్దరం. బయట గోడలకు పూత లేదు, ఇటుకల సందులు మాత్రమే నింపాం. లోపల సున్నం. వసారా గోడకు రేజా వాళ్ళ ఊరినుంచి ఛుయి మట్టి తెచ్చి అలికింది. తెల్లని బంకమట్టి అది. రెండు విషయాల్లో మాత్రం సొంత తెలివి వాడలేదు. కరెంటు పని, ఎర్తింగు లైసెన్సు ఉన్నవాడి చేతే చేయించాను. మరుగుదొడ్డి గుంట బావికి దూరంగా, నీళ్ళు పారే దిక్కుకు తవ్వించాను. బిగింపులన్నీ పూర్తయ్యేసరికి 6 లక్షల 11 వేలు. పైన పడిన 11 వేలు రెండు నెలల్లో పెన్షన్‌లోంచి సర్దుకున్నాం. అప్పు లేదు.

బస్తర్ దసరా గురించి వినే ఉంటారు. 75 రోజుల పండుగ. దంతేశ్వరీ అమ్మవారి పేరున జరిగే ఆ ఉత్సవానికి పెద్ద చెక్కరథం బేడా ఉమర్‌గావ్, ఝార్ ఉమర్‌గావ్ గ్రామాల వాళ్ళు కడతారు. గొడ్డలి, బాడిస లాంటి పాత పనిముట్లతోనే. ఎవరి వంతు పని ఏదో వాళ్ళకు తెలుసు. తేదీకి రథం కదలాలి, కదులుతుంది. చిన్నప్పుడు నాన్న భుజం మీద ఎక్కి ఆ రథాన్ని చూశాను. తెలియని పని దగ్గర తెలిసినవాడి మాట వినాలని నాకు మాత్రం కారిన కప్పు కింద నిలబడ్డాకే తెలిసింది.

సోదరులారా, ఇల్లు కట్టి చూడు, పెళ్ళి చేసి చూడు అన్నారు పెద్దలు. నేను కట్టి చూశాను. చెప్పేది ఒకటే. ముగించగలిగినంతే మొదలుపెట్టండి. పదోవంతు డబ్బు చివరిదాకా దాచండి. ఇంకొకడి నేల మీద ఆశపడకండి. మేస్త్రి దగ్గర మన ర్యాంకు తీసి పక్కన పెట్టండి.

2019 శ్రావణమాసంలో గృహప్రవేశం చేశాం. కాకా, రేజా కుటుంబాలు ముందు వరసలో కూర్చుని భోంచేశాయి. అందరూ వెళ్ళాక మా ఆవిడ ఒక కాగితం తెచ్చింది. ఫ్యాన్లు రెండు, కుళాయిలు మూడు, కిటికీలు నాలుగు, వంటింటి తలుపు కింద పట్టేస్తోంది, సరిచెయ్యాలి అని రాసి ఉంది. "మార్చింగ్ ఇన్" అంది. సంతకం పెట్టి తాళంచెవి ఆమె చేతిలో పెట్టాను. నాన్న ఫోటో గుమ్మానికి ఎదురుగా, మేమే మేకు కొట్టి తగిలించాం. ఆ మేకుకు బ్యారక్ డ్యామేజీ ఎవరూ రాయలేదు.