బీట్‌రూట్: దుంపా, ఆకూ
(ప్రసంగ పాఠం)

బీట్‌రూట్ తింటే రక్తం పడుతుందన్న నమ్మకం మన దేశంలో ఇంటింటా ఉన్నది. దుంప కోయగానే చేతికంటే ఎర్రని రసమే ఈ నమ్మకానికి మూలం. కాని ఆ ఎరుపునకు కారణం ఇనుము కాదు, బెటానిన్ అనే వర్ణద్రవ్యం. నూరు గ్రాముల పచ్చి దుంపలో ఇనుము ఒక మిల్లీగ్రాము కూడా ఉండదు. 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం 15–49 ఏళ్ల స్త్రీలలో 57 శాతం మందికి రక్తహీనత ఉన్నది. అటువంటప్పుడు వైద్యులిచ్చిన ఇనుము మాత్రలు మాని, రోజుకొక గ్లాసు రసంతో సరిపెట్టుకోవడం ప్రమాదకరం.

అట్లని ఈ దుంపను తక్కువ చేయనక్కరలేదు. రక్తకణాల నిర్మాణానికి కావలసిన ఫోలేటు నూరు గ్రాములకు సుమారు 100 మైక్రోగ్రాములు ఇందులో లభిస్తుంది. పొటాషియం, పీచు పదార్థం కూడా ఉన్నవి. దీనిలోని నైట్రేట్లు శరీరంలో నైట్రిక్ ఆక్సైడుగా మారి రక్తనాళాలను సడలిస్తాయి. 2008లో లండనులో వెలువడిన పరిశోధనలో, అరలీటరు రసం తాగిన ఆరోగ్యవంతులకు కొన్ని గంటలపాటు రక్తపోటు తగ్గినట్లు తేలింది. అయితే ఆక్సలేట్లు హెచ్చు గనుక మూత్రపిండాలలో రాళ్లు ఏర్పడే స్వభావం గలవారు మితం పాటించాలి.

విచారకరమైన విషయమేమంటే, దుంపకంటె సుమారు మూడు రెట్లు ఇనుము గల ఆకును మనం పారవేస్తున్నాము. విటమిన్ ఏ, సీలు కూడా ఆకులోనే అధికం. లేత ఆకును పప్పులో వేసి, దించాక నిమ్మరసం పిండితే ఇనుము బాగా వంటపడుతుంది. ఇది కొత్త రుచి కాదు. మనం నిత్యం వండుకునే పాలకూర వృక్షశాస్త్ర రీత్యా బీటు జాతిదే. మధ్యధరా తీరాన పుట్టిన ఈ జాతి కేరళలో ఓణం పచ్చడిగా, తమిళనాట పొరియల్‌గా, బెంగాలులో వెజిటబుల్ చాప్‌గా, ఉత్తరాదిన కాంజీగా మన భోజనంలో కలిసిపోయింది.

పెంచడం కష్టం కాదు. మైదానాలలో సెప్టెంబరు నుండి నవంబరు వరకు విత్తవచ్చు. నేల లోతుగా, గుల్లగా ఉండాలి. విత్తనంగా కనిపించేది నిజానికి కొన్ని గింజల గుత్తి. అందుచేత ఒకేచోట అనేక మొలకలు వస్తాయి. బలమైన ఒకదానిని ఉంచి తక్కినవి తీసివేయాలి. తీసిన మొలకలు కూరకు పనికివస్తాయి. రెండు, రెండున్నర నెలలకు దుంప సిద్ధమవుతుంది. ముదరనిస్తే పీచు కడుతుంది. తొక్కతోనే ఉడికిస్తే రంగు నీటిపాలు కాదు.

పాఠశాల ఆవరణలో నాలుగు మడులున్నా చాలు. దుంపతోపాటు ఆకును కూడా పళ్లెంలోకి చేర్చడం అక్కడే పిల్లలకు అలవడుతుంది.