పింఛను లేని కొలువు

(మహిళా దినోత్సవం సందర్భంగా నార్సింగిలో జరిగిన సభ్యుల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



సైన్యంలో స్త్రీల గురించి మాట్లాడమని కార్యదర్శిగారు అడిగినప్పుడు తటపటాయించాను. నేను తుపాకీ పట్టినవాణ్ణి కాను. ముప్పయి మూడేళ్లు గుమాస్తాగా చేసి, అందులో సగకాలం పెన్షన్ సెక్షన్లో ఇతరుల సర్వీసు రిజిస్టర్లు తిరగేసినవాణ్ణి. అయినా ఎందుకు ఒప్పుకున్నానో చివర్లో మనవి చేస్తాను.

మనం ఇక్కణ్ణుంచి లంగర్ హౌజ్ వైపు వెళ్తే గోల్కొండ దగ్గర ఆర్టిలరీ సెంటర్ వస్తుంది. ఆ ఫిరంగి దళాల్లోకి స్త్రీలను అధికారులుగా మొదటిసారి తీసుకున్నది 2023లో. కానీ రెండువందల ఏళ్ల కిందటే ఈ నగరంలో ఆడ సిపాయిలు ఉండేవారు. నిజాం అలీఖాన్ కాలంలో జఫర్ పల్టన్ అని స్త్రీల పటాలం ఒకటి జనానాకు కాపలా కాసేది. గార్డు అనే ఇంగ్లీషు మాటకు ఆడరూపం కట్టి వారిని గార్దునీలనేవారు. 1795లో మరాఠాలతో ఖర్డా యుద్ధానికి నిజాంతోపాటు వారూ వెళ్లారు. వారి నాయకురాళ్లలో మామా బరన్, మామా చంపా అనే రెండు పేర్లు మిగిలాయి. తక్కినవారి పేర్లు ఏ రిజిస్టరుకు ఎక్కాయో!

నర్సులు, డాక్టర్ల సంగతి అలా ఉంచితే, స్వతంత్ర భారత సైన్యం ఇతర శాఖల్లోకి స్త్రీలను అధికారులుగా పిలిచింది 1992లో. షార్ట్ సర్వీసు కమిషన్. మొదట అయిదేళ్లు, తర్వాత పది, ఆపైన పద్నాలుగు. అధికారికి పింఛను రావాలంటే ఇరవై ఏళ్ల సర్వీసు కావాలి. ఈ లెక్క మీకు నేను విడమరచి చెప్పనక్కర్లేదు. మగవారికైతే పర్మనెంట్ కమిషన్ కోరుకునే దారి ఉండేది. ఆడవారికి చాలాకాలం ఆ దారి లేదు. పద్నాలుగేళ్లు యూనిఫాం వేసుకుని, గ్రాట్యుటీ చేతపట్టుకుని ఇంటికి రావడమే.

కోర్టుకెళ్లారు. గ్రామాల నుంచి వచ్చిన జవాన్లు ఆడ అధికారి ఆజ్ఞను అంగీకరించలేరని ప్రభుత్వం వాదించింది. సుప్రీంకోర్టు ఆ వాదన తోసిపుచ్చి, 2020 ఫిబ్రవరి 17న పర్మనెంట్ కమిషన్‌కు వారిని పరిగణించాలన్నది. అప్పటికే పద్నాలుగేళ్లు దాటి, ఎంపిక కానివారిని కూడా ఇరవై ఏళ్లు నిండేవరకు ఉంచి పింఛను ఇమ్మన్నది. తీర్పులో నాకు బాగా నచ్చిన భాగం ఇదే. పెన్షన్ సెక్షన్ బుద్ధి ఎక్కడికి పోతుంది?

సెలీనా జాన్ అనే మిలిటరీ నర్సింగ్ అధికారిణిని పెళ్లి చేసుకున్నందుకు 1988లో ఉద్యోగం నుంచి తీసేశారు. ఆ నిబంధన 1995లో రద్దయింది. ఆమెకు అరవై లక్షల పరిహారం ఇమ్మని తీర్పు వచ్చింది 2024లో. ముప్పయి ఆరేళ్లు. మనలో చాలామంది మొత్తం సర్వీసు అంత లేదు.

ఇక నా సంగతి. 1997లో మా అమ్మాయి డిగ్రీ అయిపోయి, పేపర్లో ప్రకటన చూసి సైన్యంలో అధికారి ఉద్యోగానికి దరఖాస్తు నింపింది. ఆఫీసుకు వెళ్తూ పోస్టులో వేయమని నా చేతికిచ్చింది. దారిలో లెక్క వేశాను. ఎంత సాగినా పదేళ్లు, పింఛను లేదు, ముప్పయి రెండేళ్లకు ఇంట్లో. కవరు నా సొరుగులో పెట్టాను. గడువు దాటిపోయింది. పిలుపు రాలేదంటే నేనేమీ మాట్లాడలేదు.

మా అమ్మాయి ఇప్పుడు ఇక్కడే ఫైనాన్షియల్ డిస్ట్రిక్ట్‌లో కంపెనీ ఉద్యోగం చేస్తోంది. నేను ఉంటున్నది దాని ఇంట్లోనే. పోయిన నెల మనవరాలు సైన్యం పరీక్షకు దరఖాస్తు పెడతానంటే, ఉండబట్టలేక పాత సంగతి అమ్మాయితో చెప్పేశాను. అది కూరగాయలు తరగడం ఆపలేదు.

"నాకు అప్పుడే తెలుసు నాన్నా. రిజిస్టరు పోస్టు రసీదు అడిగితే రెండు రోజులు వెతికారు. మీరు రసీదు పారేసుకునే మనిషా?" అంది.

మనవరాలి దరఖాస్తు ఆన్‌లైన్లో వెళ్లిపోయింది. పోస్టులో వేసే పని నాకెవరూ చెప్పలేదు.