పేర్లకూ ఒక కాలం

తమిళనాడులోని ఆలంగాయం చుట్టుపక్కల తెలుగిళ్లలో ఒకప్పుడు ఎటు పిలిచినా ఒక మునెమ్మో, గంగమ్మో, మునస్వామో పలికేవాళ్లు. గుడియాత్తంలో ఏటా గంగమ్మ శిరసు జాతర కదా! మొక్కుకుని కంటే ఆ తల్లి పేరే. పైగా తాత పేరు మనవడికి.

తర్వాత సినిమాలొచ్చాయి. రమేష్, సురేష్, లత, గీత... ఒకే తరగతిలో ఇద్దరు ముగ్గురు సురేష్‌లు! ఇనీషియల్‌తో పిలిస్తే తప్ప తేలదు. పేరు మరీ ఎక్కువైతే మోజు తగ్గుతుంది.

అమెరికాలోనూ అంతే. 1947లో 'లిండా' అనే పాట మోగింది. ఆ ఏడే ఆడపిల్లల పేర్లలో మేరీని దాటి లిండా మొదటి స్థానానికొచ్చింది. ఇప్పుడు పసిపిల్లల్లో లిండాలు అరుదు.

నేటి అన్విక, రిత్విక్‌లూ రేపు పాతబడతాయి. అందుకే పేరు వెతికేటప్పుడు అవ్వ పేరు కూడా ఒకసారి పలికి చూడండి.